8వ నోడు నిద్రపోదు: రొయ్యల గుంటల మీద మెష్ నెట్‌వర్క్ డైరీ

ఆగస్టు 4

మామ రొయ్యల గుంటలు మైపాడు దారిలో, బకింగ్‌హామ్ కాలువకి దగ్గర్లో ఉన్నాయి. తూర్పు పడమరలుగా పొడుగ్గా పరుచుకున్న నేల, ఈ కొస నుంచి ఆ కొసకి 900 మీటర్లు ఉంటుంది, అడ్డంగా 300. పడమటి కొసన రోడ్డు పక్కనే మోటారు షెడ్డు. ఇంటర్నెట్ వచ్చేది అక్కడికి ఒక్కచోటికే, కాబట్టి గేట్‌వే, అంటే నోడ్ల సమాచారమంతా చేరి ఇంటర్నెట్‌లోకి పోయే పెట్టె, అక్కడే. గట్ల మీద 16 నోడ్లు, అంటే సెన్సర్లూ రేడియో ఉన్న చిన్న పెట్టెలు, పాతాను. ఒక్కోటి 5 నిమిషాలకోసారి ఒక చిన్న పాకెట్ (రేడియో మీద పోయే సమాచారపు ముక్క) పంపాలి, అందులో నీటి వేడి, ఆ గుంటలో ఏరేటర్ (నీళ్ళలో గాలి కలిపే తెడ్ల యంత్రం) మోటారు కరెంటు తీసుకుంటోందా లేదా అన్న విషయం, నాలుగు చోట్ల మాత్రం డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్. డీఓ సెన్సర్ ఖరీదు చూస్తే అన్నిటికీ పెట్టే ధైర్యం రాలేదు.

ముందే చెప్పేస్తాను, లోరా (కొద్దిపాటి సమాచారాన్ని చాలా దూరం పంపే రేడియో పద్ధతి) వాడితే ఈ గోలంతా ఉండదు. మన దగ్గర 865-867 మెగాహెర్ట్జ్‌లో లైసెన్స్ కూడా అక్కర్లేదు, 900 మీటర్లు ఒక్క దూకులో పోతుంది. కానీ నా దగ్గర పాత పనిలో మిగిలిపోయిన ఈఎస్‌పీ32 బోర్డులు (వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ చిప్పులు) డబ్బా నిండా ఉన్నాయి, అవి 2.4 గిగాహెర్ట్జ్‌వి. పైగా రూటింగ్ లెక్కలు, అంటే ఏ పాకెట్ ఏ దారిన పోవాలన్నవి, ఎప్పటినుంచో కాగితం మీదే చూస్తున్నా, ఒకసారి బురదలో చూద్దామనిపించింది. ఈఎస్‌పీ-నౌ మీద, అంటే ఆ బోర్డులు రూటర్ లేకుండా నేరుగా మాట్లాడుకునే పద్ధతిలో, పాకెట్లు నోడు నుంచి నోడుకి చేతులు మారుతూ (దీన్నే మెష్ అంటారు) షెడ్డు దాకా రావాలి, అదీ సంగతి.

నోడ్లకి నేను నంబర్లు పెట్టాను, మామ పేర్లు పెట్టాడు. 3 అంటే తాటిచెట్టు, 4 అంటే మూలగట్టు, 8 అంటే నడిమధ్య, 12 అంటే కొత్తగుంట. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఆయన పేర్లే పనికొస్తున్నాయి.

ఆగస్టు 11

మొదట అందరూ చేసే పనే చేశాను. ఎవరు ఎవరికి వినిపిస్తున్నారో చూసి, తక్కువ గెంతుల్లో షెడ్డు చేరే దారి పట్టించాను. వారం తిరిగేసరికి చూస్తే నూటికి 81 పాకెట్లే చేరుతున్నాయి.

ఎందుకో 7వ నోడు దగ్గర స్పష్టంగా కనబడింది. అది షెడ్డుకి 410 మీటర్లు. నేరుగా వినిపిస్తోంది, కాబట్టి ఒకటే గెంతు అనుకుని నేరుగా పంపేస్తోంది. కానీ వినిపించడం వేరు, నమ్మకంగా వినిపించడం వేరు. పాకెట్ అందే అవకాశం పోయే వైపు 0.62, వచ్చే వైపు 0.55. పాకెట్ అందింది అన్న జవాబు కూడా వెనక్కి రావాలి కదా, అందుకే రెండూ గుణించాలి: 0.341. దాన్ని తిరగేస్తే 2.93, అంటే ఒక్క పాకెట్ గట్టెక్కాలంటే సగటున దాదాపు మూడుసార్లు పంపాలి. అదే మూలగట్టు మీదుగా అయితే, 7 నుంచి 4కి 0.95, 0.93, అంటే 1.13. 4 నుంచి షెడ్డుకి 0.92, 0.94, అంటే 1.16. కలిపితే 2.29. రెండు గెంతులైనా చౌకే.

ఈ కొలతకి ఈటీఎక్స్ అని పేరు, 2003లో ఎంఐటీలో డి కౌటో, అగ్వాయో, బికెట్, మోరిస్ ప్రతిపాదించారు. ఆ తర్వాత చిన్న దారి వెతకడం డైక్‌స్ట్రా అల్గారిథమ్ పని, పది లైన్ల కోడు. ఒక్కో లింకుకి ఏ అంకె వెయ్యాలన్నదే అసలు కష్టం, దానికే నాకు రెండు నెలలు పట్టేట్టుంది.

ఒక చిన్న విషయం రాసిపెట్టుకుంటున్నా. లింకు కొలవడానికి పంపే పాకెట్ 8 బైట్లు, అసలు పాకెట్ 40 బైట్లు. చిన్న పాకెట్‌కి దెబ్బ తగిలే అవకాశం తక్కువ, కాబట్టి కొలత ఉన్నదానికంటే అందంగా కనిపిస్తుంది. కొలిచేదాన్ని కూడా 40 బైట్లు చేశాక అంకెలన్నీ కాస్త దిగాయి, అయినా నిజం దిగినదే. పైన రాసిన 7వ నోడు అంకెలు దిగిన తర్వాతవి.

ఆగస్టు 19

లూపు పడింది. కొత్తగుంట దగ్గర 12వ నోడు ఆగిపోయింది (యాంటెన్నా కనెక్టర్ ఉప్పు గాలికి పచ్చగా అయిపోయింది, 15 రోజులకే). అప్పటిదాకా 14, 15 రెండూ 12 మీదే ఆధారపడ్డాయి. 12 పోగానే 14కి దారి లేదు, పక్కన 15 మాత్రం "నా దగ్గర 3.1కి దారుంది" అని పాత పాట పాడుతోంది. సరేనని 14 దాని వైపు తిరిగింది. ఆలోపు 15కి కూడా తన దారి పోయిందని తెలిసింది, అది 14 వైపు తిరిగింది. ఇంక చూడండి, 4.2, 5.3, 6.4 అని ఒకర్ని చూసి ఒకరు ధర పెంచుకుంటూ, పాకెట్లని చేతిలో చెయ్యి వేసుకుని తిప్పుతున్నారు. బెల్‌మన్-ఫోర్డ్‌ని (పక్కవాళ్ళు చెప్పే ధరల్ని బట్టి దారి వెతికే పద్ధతిని) నోడ్లకి పంచి పెడితే వచ్చే పాత జబ్బే ఇది, 1994లో పెర్కిన్స్, భగవత్, ఏ కబురు పాతదో ఏది కొత్తదో చెప్పే సీక్వెన్స్ నంబర్లు తగిలించి దీనికి మందు రాశారు.

నేను ఆ మందు వెయ్యలేదు. 16 నోడ్లకి అంత తెలివి ఎందుకని, లెక్కంతా గేట్‌వే దగ్గరే చేసి పట్టిక కిందికి పంపుతున్నా. ఒక్కో నోడుకి ఒక మొదటి దారి, ఒక రెండో దారి. దారి మార్చాలంటే కొత్తది కనీసం 15 శాతం చౌకగా ఉండాలి, లేకపోతే పాతదే. 2.29కీ 2.31కీ మధ్య అరగంటకోసారి ఊగుతున్న నోడ్లు దీంతో కుదురుకున్నాయి.

కనెక్టర్లన్నిటికీ గ్రీజు రాసి టేపు చుట్టాను. వేళ్ళు ఇంకా జిడ్డుగానే ఉన్నాయి.

ఆగస్టు 31

నిన్న రాత్రి గుంటల దగ్గరే పడుకున్నా. పగలు లింకులు బాగుంటాయి, తెల్లవారుజామున 2 నుంచి 5 మధ్య పాడవుతాయి, ఎందుకో కళ్ళారా చూడాలని.

రాత్రయ్యాక నీళ్ళలో నాచు ఆక్సిజన్ తయారుచెయ్యడం ఆపేసి తనే పీల్చుకుంటుంది, కాబట్టి తెల్లారే ముందు డీఓ అట్టడుగుకి పోతుంది. అందుకని రాత్రి ఏరేటర్లన్నీ తిరుగుతాయి. తెడ్లు నీళ్ళని ఎగరేస్తుంటే గుంట మీద మీటరు ఎత్తున తుంపర తెర లేస్తుంది. నా యాంటెన్నాలు ఎంత ఎత్తున ఉన్నాయంటే 1.2 మీటర్లు! అంటే ఆ తెర మధ్యలోంచే మాట్లాడుకోమని చెప్పానన్నమాట.

రెండు యాంటెన్నాల మధ్య సిగ్నల్ దారంలా పోదు, నడుమ బొద్దుగా ఉన్న దోసకాయలా పోతుంది. దీన్నే ఫ్రెనెల్ జోన్ అంటారు. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 300 మీటర్ల లింకుకి నడుమ దాని వ్యాసార్ధం దాదాపు 3.06 మీటర్లు. అందులో కనీసం 60 శాతం ఖాళీగా ఉంచాలని రేడియో వాళ్ళ లెక్క, అంటే అడ్డంకి పైన ఇంకో 1.8 మీటర్లు. తుంపర ఒక మీటరు, దాని పైన 1.8, మొత్తం మీద 3 మీటర్ల పైపు కావాలి. ఈ లెక్క మొదటి రోజే చెయ్యొచ్చు. చెయ్యలేదు.

2:40కి కరెంటు పోయింది. అక్కడ పడుకున్నవాళ్ళకి అలారం అక్కర్లేదు, ఏరేటర్ల చప్పుడు ఆగితే చాలు నిద్ర తెగిపోతుంది. కాపలా తాత నాకంటే ముందే లేచి, లుంగీ ఎగ్గట్టుకుని జనరేటర్ వైపు చీకట్లోనే పోతున్నాడు. నేను ఫోన్ తీసి చూశాను, "మోటార్లు ఆగాయి" అని మెసేజ్ రావాలి కదా. రాలేదు. పదహారు నోడ్లూ బ్యాటరీ మీద బతికే ఉన్నాయి, పాకెట్లు షెడ్డు దాకా బుద్ధిగా చేరాయి. షెడ్డులో మోడెమ్ మాత్రం గోడ ప్లగ్గు మీద ఉంది. కరెంటు పోతే చెప్పాల్సిన యంత్రం కరెంటుతో పాటే పోయింది.

తాత జనరేటర్ వేసి వచ్చి, "ఏంది అబ్బయా, నీ ఫోను మోగలేదే?" అన్నాడు. పొద్దున్నే నెల్లూరు వెళ్ళి మోడెమ్‌కి చిన్న బ్యాటరీ బ్యాకప్ తెచ్చాను. దీనికి ఏ ఆప్టిమైజేషనూ అక్కర్లేదు.

సెప్టెంబర్ 9

ఐదు చోట్ల 3 మీటర్ల జీఐ పైపులు లేపాం. 8 నుంచి 12కి రాత్రి లింకు 0.71 నుంచి 0.90కి వచ్చింది. 9వ నోడుకి కూడా లేపుదామనుకున్నా, దాని మీదుగా కరెంటు వైర్లు పోతున్నాయి. అక్కడ ఇనప పైపు లేపడానికి మామ ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే రైటు. కాబట్టి 9 పొట్టిగానే ఉండిపోయింది, అది తూర్పు వైపుకి రాత్రిపూట 0.48 మించి వినిపించదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది.

ఇంకో మార్పు, ఇప్పటినుంచి లింకు ధరని రోజంతా సగటు నుంచి తీసుకోను. రాత్రి 2-5 మధ్య కొలతల్లోంచి, అందులోనూ బాగోలేని రాత్రుల నుంచి తీసుకుంటా. మధ్యాహ్నం రెండింటికి 0.97 ఉంటే ఎవడికి కావాలి?

సెప్టెంబర్ 15

ఇక బ్యాటరీ. ఒక్కో నోడుకి ఒక 2600 ఎంఏహెచ్ సెల్లు, చిన్న సోలార్ పలక. ఇతరుల పాకెట్లు మోసే రిలే నోడ్లు తొందరగా దిగిపోతున్నాయి. దీని మీద లీనియర్ ప్రోగ్రామింగ్ (సరళరేఖల్లాంటి షరతుల మధ్య అన్నిటికంటే మంచి జవాబు వెతికే గణితం) రాద్దామని కూర్చున్నా, నాకు ఇష్టమైన భాగం ఇదే.

చాంగ్, తసియులాస్ 2000లో చూపించిన పద్ధతి చాలా ముద్దుగా ఉంటుంది. నెట్‌వర్క్ ఆయుష్షు, అంటే మొదటి సెల్లు అయిపోయేదాకా పట్టే కాలం, 'టీ' అనే అక్షరం అనుకోండి. ప్రతి లింకు మీదా సెకనుకి ఎన్ని పాకెట్లు అని అడిగితే, ఆ ప్రవాహాన్ని టీతో గుణించాల్సొచ్చి లెక్క వంకర పోతుంది. అలా కాకుండా, ఆయుష్షు మొత్తంలో ఈ లింకు మీద పోయే పాకెట్లు ఎన్ని అని అడిగితే గుణకారం మాయం, అంతా సరళరేఖే. ప్రతి నోడు దగ్గరా బయటికి పోయినవి మైనస్ లోపలికి వచ్చినవి ఈక్వల్టు తను పుట్టించినవి, పంపడానికీ అందుకోవడానికీ ఖర్చు సెల్లుని మించకూడదు, టీ వీలైనంత పెంచు. పల్ప్‌లో (ఇలాంటి లెక్కలకి వాడే పైథాన్ లైబ్రరీ) రాస్తే 40 లైన్లు, జవాబు కన్ను మూసి తెరిచేలోపు. ఒక నోడు 37 శాతం పాకెట్లు ఇటు, 63 శాతం అటు పంపాలని చెప్పింది. దాన్ని ఎనిమిదిలో మూడు, ఎనిమిదిలో ఐదుగా చేసి వేశాను.

నాలుగు రోజులు చూశా. బ్యాటరీలు అదే వేగంతో దిగుతున్నాయి. పిసరు కూడా తేడా లేదు.

సెప్టెంబర్ 20

తప్పు దొరికింది, సిగ్గుపడేంత పెద్దది. రిలే నోడు ప్రతి 300 సెకన్లలో 40 సెకన్లు మేలుకుని వింటోంది. వినడానికి 100 మిల్లీ ఆంపులు. అంటే విడతకి 40 × 100 = 4000 మిల్లీ ఆంపు-సెకన్లు. అదే పది పాకెట్లు పంపడానికి ఒక్కోదానికి ఒక మిల్లీసెకను చొప్పున 240 మిల్లీ ఆంపులు వేసుకున్నా వచ్చేది 2.4. నాలుగు వేల ముందు రెండున్నర! నా లీనియర్ ప్రోగ్రాము ఆ రెండున్నరని పొదుపు చెయ్యడానికి నాలుగు రోజులు కష్టపడింది. బియ్యం బస్తా పోతుంటే రాలిన గింజలు ఏరడం లాంటిది.

అంటే ఈ నెట్‌వర్క్‌లో పాకెట్‌కి ధర లేదు. మేలుకోవడానికే ధర. ఎన్ని పాకెట్లు మోసినా రిలే రిలేనే: మిగతా చిల్లర ఖర్చుతో కలిపి రోజుకి 344 ఎంఏహెచ్. రిలే కాని నోడు 4 సెకన్లు మేలుకుని తన పాకెట్ విసిరి పడుకుంటుంది: 56. సెల్లులో నమ్మకంగా వాడుకోగలిగేది 70 శాతం, 1820. సోలార్ పూర్తిగా లేదనుకుంటే రిలేకి 5.3 రోజులు.

కాబట్టి ప్రశ్న కూడా మారాలి. ఏ పాకెట్ ఎటు అని కాదు, ఏ రోజు ఎవరు మేలుకోవాలి అని.

సెప్టెంబర్ 22

16 నోడ్లు, ఒక్కోటి మేలుకోవడమో పడుకోవడమో, మొత్తం 65,536 రకాలు. నోడ్లు వందలుంటే ఇలా ఒక్కొక్కటే చూడటం కుదరదు, ఇది మామూలుగా ఎన్‌పీ-హార్డ్ (సైజు పెరిగేకొద్దీ విపరీతంగా కష్టమయ్యే లెక్కలు) కోవలోది. పదహారుకి మాత్రం మొండిగా అన్నీ చూసెయ్యొచ్చు. ప్రతి రకానికీ ఒకటే ప్రశ్న: రాత్రి అంకెలతో, మేలుకున్నవాళ్ళ మీదుగా అందరూ షెడ్డు చేరుతున్నారా? టీ తాగి వచ్చేలోపు అయిపోయింది. ఒక్క నోడు కూడా దండగ లేని గుంపులు ఎన్ని మిగిలాయంటే, నాలుగు. నాలుగే. షెడ్డు వైపు 3 గానీ 4 గానీ, మధ్యలో 8, తూర్పున 12 గానీ 13 గానీ.

ఇప్పుడు ఆ నాలుగు గుంపులకీ ఎన్నెన్ని రోజులు ఇవ్వాలి అన్నది మళ్ళీ లీనియర్ ప్రోగ్రామింగే, కాకపోతే చిన్నది, కాగితం మీద కూడా చెయ్యొచ్చు. జవాబు: 5.3 రోజులు. వంతులు వేసుకున్నా వేసుకోకపోయినా 5.3. ఎందుకంటే నాలుగు గుంపుల్లోనూ 8 ఉంది, దానికి వంతు మార్చుకునే జోడీ లేదు.

నాకు బాగా నచ్చిన చోటు ఇది. సాల్వర్ జవాబుతో పాటు షాడో ప్రైస్‌లు కూడా ఇస్తుంది, అంటే ఫలానా నోడు సెల్లు కొంచెం పెంచితే మొత్తం ఆయుష్షు ఎంత పెరుగుతుందో. 8 దగ్గర వాడుకోగలిగేది 100 ఎంఏహెచ్ పెంచితే 0.29 రోజు, అంటే 7 గంటలు. మిగతా పదిహేనింటి దగ్గరా సున్నా. నిక్కచ్చిగా సున్నా.

నేను ఏం చెయ్యబోయానో చెప్తే నవ్వుతారు. తాటిచెట్టుకీ మూలగట్టుకీ పెద్ద సెల్లులు కొందామనుకున్నా. గేట్‌వే పక్కనున్న నోడ్లు ముందు చస్తాయని, బరువంతా వాటి మీదే పడుతుందని ఎక్కడ చదివినా ఉంటుంది. పాకెట్‌కి ధర ఉన్నచోట అది నిజమే. మేలుకోవడానికి ధర ఉన్నచోట బరువు ఎంతన్నది కాదు, నువ్వు లేకపోతే రెండు ముక్కలయ్యేది ఎక్కడ అన్నదే లెక్క. గ్రాఫ్ భాషలో దాన్ని కట్ వెర్టెక్స్ అంటారు. 9 మీద కరెంటు వైర్లు లేకుంటే 8కి జోడీ దొరికేది.

8కి రెండో సెల్లు పెట్టాను. దాని ఆయుష్షు 10.6 అయింది. ఇప్పుడు అడ్డుపడేది 3, 4, 12, 13. అవి రోజు విడిచి రోజు వంతులు వేసుకుంటే సగటు ఖర్చు (344 + 56) / 2 = 200, అంటే 9.1 రోజులు. ఒక్క సెల్లుతో 5.3 నుంచి 9.1కి.

మామకి వంతుల సంగతి చెప్పాను. "అందరూ నిద్రబోతే గుంటలు ఎవురు చూస్తారబ్బయా?" అన్నాడు. అందరూ పడుకోరు మామా, నడిమధ్య నోడు మేలుకునే ఉంటుంది అన్నాను. "మన తాత మాదిరే" అని నవ్వాడు.

అక్టోబర్ 5

నూటికి 98 వస్తున్నాయి. రాయడానికి ఏమీ లేదు.

కాదు, ఒకటుంది. రిలేలు 40 సెకన్లు ఎందుకు మేలుకోవాలి అని ఇవాళ కూర్చుని ఆలోచిస్తే, ఈఎస్‌పీ32 పడుకున్నప్పుడు టైము చూసుకునే లోపలి గడియారం వేడికి అటూ ఇటూ జారుతుంది కాబట్టి. ఎవరు ఎప్పుడు లేస్తారో తెలియక ముందూ వెనకా కాపు కాయాలి. డీఎస్3231 లాంటి టైము చిప్పు ఒకటి పక్కన పెడితే 10 సెకన్లు చాలు. అప్పుడు రిలే ఖర్చు రోజుకి 104, సాదా ఒక్క సెల్లుతో, వంతుల్లేకుండా, 17 రోజులు దాటుతుంది. అంటే నేను నెల రోజులు చేసిన లెక్కలన్నిటికంటే ఒక మంచి వాచీ ఎక్కువ పని చేసేది. ఈ పంట మధ్యలో పెట్టెలు విప్పను, వచ్చే పంటకి.

అక్టోబర్ 21

అల్పపీడనం. నాలుగో రోజు ఎండ లేదు, సన్నగా జల్లు పడుతూనే ఉంది. సోలార్ పలకలు ఉన్నా లేనట్టే. అసలు భయం వేరే ఉంది, ఎండ లేకపోతే పగలు నాచు కూడా ఆక్సిజన్ సరిగ్గా చెయ్యదు, రాత్రికి డీఓ ఇంకా కిందికి పోతుంది. బ్యాటరీలు దిగే వారమూ మామకి నా నోడ్లు కావాల్సిన వారమూ ఒకటే. ఎండ బాగున్న ఆగస్టులో అన్నీ పచ్చగా కనబడితే మురిసిపోయాను గానీ, లెక్క మొదటినుంచీ ఈ వారం కోసమే వెయ్యాల్సింది.

3:20కి ఫోన్ మోగింది. కొత్తగుంటలో డీఓ లీటరుకి 3.4 మిల్లీగ్రాములు. వన్నామీ రొయ్యకి 4 కంటే కింద ఉంటే ఇబ్బంది మొదలు, 3కి పోతే ఎవరూ పడుకోరు. నేను నెల్లూరులో మంచం మీద, మామ అప్పటికే గట్టు మీద టార్చి వేసుకుని నిలబడి ఉన్నాడు. ఒక ఏరేటర్ బెల్టు తెగి తిరగట్లేదు, మోటారు మాత్రం కరెంటు తీసుకుంటూనే ఉంది, అందుకే నా సెన్సర్‌కి అది నడుస్తున్నట్టే కనిపించింది. డీఓ సెన్సర్ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. బెల్టు తెగితే మోటారు మీద బరువు తగ్గి కరెంటు కూడా తగ్గుతుంది కదా, ఉందా లేదా అని కాకుండా ఎంత అని చూడాలి. కోడులో రాసుకున్నా.

8వ నోడు ఆ రాత్రి 3.71 వోల్టులు. 12 అంతకంటే కింద, 3.62. ఐదో రోజు మధ్యాహ్నం ఎండ వచ్చింది.

నవంబర్ 12

పట్టుబడి అయిపోయింది. నీళ్ళు తీసేశారు, గుంటలు బురదతో మెరుస్తున్నాయి, కొంగలు దిగాయి. నోడ్లన్నీ పీకి షెడ్డులోకి చేర్చాను. గ్రీజు రాసిన కనెక్టర్లు బాగున్నాయి, రాయడం మర్చిపోయిన 6వది పచ్చగా ఉంది.

8వ నోడు పెట్టె మూత తీస్తే లోపల సెల్లుల మధ్య చీమలు గూడు పెట్టి ఉన్నాయి, తెల్లటి గుడ్లతో సహా. మిగతా పదిహేనింటిలో ఎక్కడా లేవు. మూడు నెలలు రోజూ ఆగకుండా మేలుకుని వెచ్చగా ఉన్నది అదొక్కటే.